దాచుకోండి... చెరపకండి!

మా ఊరి వికీపీడియా పేజీ తెరిస్తే 2011 జనగణన లెక్కలే చాంతాడంత! భూమి వినియోగం, నీటిపారుదల, పారిశుధ్యం... 'ఇవన్నీ ఎవడు చదువుతాడు?' అనుకుని ఎడిట్ నొక్కా. ఓ విభాగం మొత్తం సెలెక్ట్ చేశా. సేవ్ చేయబోతూ ఆగిపోయా. అది నా నోట్‌ప్యాడ్ కాదుగా, అందరి పేజీ!

మనకొక్కరికే కనబడకుండా చేసే దారుంది. కంప్యూటర్‌లో లాగిన్ అయి, ప్రిఫరెన్సెస్‌లో అపియరెన్స్‌కి వెళ్తే మన సొంత సీఎస్ఎస్ పేజీ ఉంటుంది. వద్దనుకున్న పెట్టె పేరు రాసి, పక్కనే 'డిస్‌ప్లే: నన్' అని పెడితే సరి. పేజీ అడుగునుండే లింకుల పెట్టెలు ఇట్టే మాయం. విభాగాలతోనే తంటా. శీర్షికకు గుర్తు ఉంటుంది, కింది పేరాలకు ఉండదు. తల పోయి మొండెం మిగులుతుంది! పైగా కంటికి కనబడకపోయినా డేటా మాత్రం ఖర్చవుతుంది.

మొన్న ఆదివారం నాన్న ఫోన్ చేశారు. "అప్పట్లో మనూళ్లో బోర్ల కింద ఎన్ని హెక్టార్లు సాగయ్యేదిరా?" అని. వెతికితే, నేను చెరపబోయిన విభాగంలోనే దొరికింది. అడిగింది నాన్నే కాబట్టి బతికిపోయా. అదే ఇంకెవరైనా వెతుక్కుని, దొరక్క వెళ్లిపోయుంటే?

మీకు అక్కర్లేనిది మీ స్క్రీన్ మీదే దాచుకోండి. పక్కవాడి స్క్రీన్ జోలికెళ్లకండి.