ప్యాకెట్ చదివి రుచి చెప్పేవాళ్ళకో దండం

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునే మన తెలుగు ఇంజనీర్లకి ఒక జబ్బు ఉంది. కొత్త రకం హాప్ రాగానే ప్యాకెట్ కొంటారు. దానిమీద రాసిన నాలుగు ముక్కలు చదువుతారు. ఫ్రీజర్లో మిగిలిన మరో మూడు రకాలతో కలిపి పేల్ ఏల్ లో గుమ్మరిస్తారు. మూడు వారాల తర్వాత గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని "ఆహా, కొబ్బరి!" అంటారు. ఆ కొబ్బరి గ్లాసులోంచి వచ్చిందా, ప్యాకెట్ మీంచి వచ్చిందా అని అడిగితే మాత్రం నాకు టేస్టు లేదంటారు :)

ఈ గోల తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. హాప్ అంటే బీరుకి చేదునీ వాసననీ ఇచ్చే ఒక తీగ పువ్వు. మరిగేటప్పుడు ముందుగా వేస్తే చేదు దిగుతుంది, పులియడం అయిపోవచ్చాక వేస్తే వాసన నిలుస్తుంది. ఈ రెండోదాన్నే డ్రై హాపింగ్ అంటారు. నేనుండేది సియాటిల్ పక్కన. అమెరికా హాప్స్ లో సింహభాగం పండే యాకిమా లోయ కొండలు దాటితే అవతలే, కాబట్టి మాకు కొత్త రకాలకి కొదవ లేదు. ప్రస్తుతం నా గొడవ సాబ్రో గురించి. 2018లో ఆ పేరు పెట్టారు, అంతకుముందు హెచ్.బి.సి. 438 అనే నంబరుతో తిరిగేది. దాని వంశంలో అమెరికా నైరుతిలో పెరిగే నియోమెక్సికానస్ అనే అడవి హాప్ ఉంది. కొబ్బరి, నారింజ, దేవదారు, పుదీనా అని అమ్మేవాళ్ళ వర్ణన.

ఆఫీసులో ఒక బగ్ కోసం ఒకేసారి ఐదు ఫైళ్ళు మార్చేసి "ఫిక్స్ అయిపోయింది" అన్న జూనియర్ని మనం ఏమంటాం? ఏ మార్పు వల్ల అయిందో చెప్పమని కడిగేస్తాం. అలా కడిగేసిన పెద్దమనిషే ఇంటికొచ్చి కొత్త ఈస్టు, కొత్త మాల్టు, నాలుగు హాప్స్ కలిపేసి సాబ్రో మీద తీర్పు చెప్తాడు.

పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఐదు గాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు కాచండి. మామూలు పేల్ మాల్టు, చేదుకి మాగ్నమ్ 20 గ్రాములు, అంతే. చల్లార్చాక రెండు బకెట్లలోకి సమంగా పొయ్యండి. రెంటికీ ఒకటే ఈస్టు, ఒకటే ఉష్ణోగ్రత. చివర్లో ఒకదాంట్లో కాస్కేడ్ 30 గ్రాములు, రెండోదాంట్లో సాబ్రో 30 గ్రాములు మూడు రోజులు ఉంచండి. మారింది ఒక్కటే. తర్వాత రంగు కనపడని కప్పులు మనిషికి మూడు ఇవ్వండి. రెంటిలో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో పట్టుకోమనండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకరికి తగులుతుంది. కాబట్టి ఎనిమిదిమందిలో కనీసం ఆరుగురు పట్టుకుంటేనే తేడా ఉందని నమ్మాలి.

మా గరాజ్ లో ఏడుగురు పట్టుకున్నారు. ప్యాకెట్ ఎవరికీ చూపించలేదు. ముగ్గురు తెలుగువాళ్ళు ఎండుకొబ్బరి అన్నారు, ఒకతను అప్పుడే చెక్కిన పెన్సిల్ అన్నాడు, నా అమెరికన్ కొలీగ్ సన్‌స్క్రీన్ లోషన్ అంది! పుదీనా ఒక్కరికీ తగల్లేదు. ముందే ప్యాకెట్ చూపించి ఉంటే నలుగురికైనా తగిలేదని నా పందెం. నా మటుకు నాకు ఆ మోతాదులో సాబ్రో మాల్టు తీపిని మింగేసింది. సగం చాలు.

"ఒక్క హాప్ తో బీరు చప్పగా ఉంటుంది, ఎవడు తాగుతాడు?" అంటారు. యూనిట్ టెస్టుని కస్టమర్ కి అమ్ముతామా? ముందు ఒంటరిగా చూడండి, తర్వాత ఎన్నిటితోనైనా కలుపుకోండి. "పంట పంటకీ వాసన మారుతుంది కదా" అనేది మాత్రం న్యాయమైన ప్రశ్నే. అందుకే ప్యాకెట్ మీద చదవాల్సింది వర్ణన కాదు, పంట సంవత్సరం. వెచ్చగా నిలవున్న హాప్స్ పాత చీజు కంపు కొడతాయి. అది రకం తప్పు కాదు, నిలవ చేసినవాడి తప్పు.

ఇంత రాద్ధాంతం దేనికంటారా? ఈ కాపీ-పేస్ట్ రుచులు విని కొత్తగా మొదలుపెట్టినవాడు డబ్బూ ఒక శనివారమూ పోగొట్టుకుంటున్నాడు. ఇంకో రకం మేధావులు కలగూరగంప బీరు ఒకటి తాగేసి "సాబ్రో చెత్త" అని కొట్టిపారేస్తున్నారు. కాస్కేడ్ కూడా 1972లో కొత్తదే. ఎవరో ఓపిగ్గా వాడి చూశారు గనకే 1980లో మొదలైన సియెర్రా నెవాడా కంపెనీ పేల్ ఏల్ కి అదే ప్రాణమైంది. ఉప్పెక్కువైన పప్పుని పేరు పెట్టి మరీ ఉతికే జాతి మనది. అలాంటి నాలుకని ప్యాకెట్ కి తాకట్టు పెట్టడం నాకు నచ్చట్లేదు.

ఒప్పుకోనివాళ్ళు మీ నాలుగు హాప్స్ బీరునే సాబ్రో వేసి సగం, వెయ్యకుండా సగం చెయ్యండి. ఎనిమిదిమందిలో ఆరుగురు తేడా పట్టుకుంటే మీదే గెలుపు, గ్లాసు నేనే నింపుతా.