కుంభకర్ణుడే నయం

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అంటారు మనవాళ్ళు. ఒళ్ళలిసినవాడికి కటికనేల మీదైనా నిద్ర పడుతుందని, లేచేసరికి ఆ అలసట పోతుందని మన నమ్మకం. ఆ నమ్మకం చెల్లని జబ్బు ఒకటుంది. పేరు క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్. మా ఆవిడకి అది ఉందని ఇక్కడ ఇంగ్లండులో తేలి మూడేళ్ళయింది.

తొమ్మిది గంటలు పడుకుని లేచినా, రాత్రంతా బస్సులో నిలబడి ప్రయాణం చేసినట్టు ఉంటుంది ఒళ్ళు. కొన్ని రాత్రులు కన్ను మూతపడదు. కొన్ని రోజులు మధ్యాహ్నమంతా మగతే. ఈ జబ్బుని గుర్తించడానికి 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ చెప్పిన తప్పనిసరి లక్షణాల్లో ఇదొకటి: నిద్రపోయినా సేద తీరకపోవడం. ఇంకొకటి, కాస్త ఎక్కువ శ్రమపడితే ఒంట్లో బాధలన్నీ పెరిగిపోవడం. అదీ చాలాసార్లు అప్పటికప్పుడు కాదు, మర్నాడో ఆ మర్నాడో కుప్పకూలడం.

ఇది తెలియక మనం ఇచ్చే సలహాలు చూడండి. "తెల్లవారుజామున లేచి నడవమను." "పగలు పడుకోనివ్వకు." "బాగా పని చేస్తే నిద్ర అదే పడుతుంది." అన్నీ ప్రేమతో చెప్పేవే, మామూలు మనిషికి పనికొచ్చేవే. ఈ జబ్బున్నవాళ్ళని మాత్రం ఆ చివరిది మంచం ఎక్కిస్తుంది. డాక్టర్లు కూడా చాలాకాలం వ్యాయామం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పొమ్మనే చెప్పారు. 2021లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ ఆ పద్ధతి వద్దంది. నిద్ర విషయంలో పగటి విశ్రాంతి అవసరాన్ని కూడా లెక్కలోకి తీసుకోమంది, ఏ మార్పైనా మెల్లగా చెయ్యమంది.

మా ఇంట్లో చేసేది చిన్నదే. గురక జబ్బు, కాళ్ళ అసహనం లాంటివేవీ లేవని ముందు పరీక్షలు చేయించాం. లేచే వేళ ఇంచుమించు ఒకటే ఉంచుకున్నాం. అలసట రాకముందే, పగలు రెండుసార్లు, ఫోన్ లేకుండా చీకటి గదిలో ఇరవై నిమిషాలు తను నడుం వాలుస్తుంది. బావున్న రోజున కూడా కొంత పని మిగిలిస్తుంది. జబ్బు పోలేదు. కుప్పకూలే రోజులు తగ్గాయి.

తగ్గనిది ఇంకొకటుంది. కునుకు, మగత, కలతనిద్ర అని మనకి ఎన్ని మాటలున్నా, నిద్రపోయినా తీరని అలసటకి నాకు తెలిసి తెలుగులో ఒక మాట లేదు. ఆ ఖాళీలో 'బద్ధకం' వచ్చి కూర్చుంటుంది. ఈ జబ్బు ఆడవాళ్ళలోనే ఎక్కువ కాబట్టి ఇంకా సులువుగా కూర్చుంటుంది. వీడియో కాల్‌లో మా అమ్మ "అమ్మాయి ఇంకా లేవలేదా?" అని మామూలుగానే అడుగుతుంది. పక్కగదిలో మెలకువగా ఉన్న మనిషికి అది వినబడుతుంది. కుంభకర్ణుడని నవ్వేవాళ్ళూ ఉన్నారు. ఆయనే నయం, లేచాక యుద్ధానికి వెళ్ళగలిగాడు.

మీ ఇంట్లోనో స్నేహితుల్లోనో ఇలాంటివాళ్ళుంటే ఎన్ని గంటలు పడుకున్నారని అడక్కండి. కాస్త తేరుకున్నారా అని అడగండి. లేదని చెబితే నమ్మండి.