మన వంతు



"వానలు లేవు, వేరుశనగ చేతికి రాలేదు, ఇక మేము ఇచ్చేదేముంది?" అనే మాట మన తాడిపత్రి ప్రాంతపు సంఘాలలో తరచు వింటుంటాము. అది అబద్ధము కాదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య వానలు తూర్పు తీరం నుండి ఇంత దూరం వచ్చేసరికి చాలావరకు తగ్గిపోతాయి. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. పెన్న ఒడ్డున ఉండి కూడా ఎక్కువ నెలలు ఇసుకనే చూసే ఊరు మనది. అయితే చేతిలో డబ్బు లేకపోతే ఇవ్వడానికి ఏమీ లేదనుకోవడం పొరపాటని మేము ఒక కొళాయి దగ్గర నేర్చుకున్నాము.

కొన్నేళ్ల క్రితం మాట. వేసవి ఉదయం. వరుసలో ముందు మావి ఆరు బిందెలు. వెనుక బండల ఫ్యాక్టరీకి కూలికి పోయే ఒక సోదరివి రెండు. నాపరాళ్లు పాలిష్ చేసే ఆ పనికి ఆలస్యమైతే ఆ పూట కూలి పోయినట్టే. "అమ్మా, నా రెండూ పట్టుకొని పోతాను" అని అడిగింది. "అయిపోవచ్చింది, కాస్త ఉండమ్మా" అన్నాము. మా ఆరూ నిండేసరికి ధార సన్నబడి ఆగిపోయింది. ఆమె ఒక్క మాట అనలేదు. ఖాళీ బిందెలు రెండూ తీసుకొని వెళ్లిపోయింది.

సాయంత్రం రెండు బిందెల నీళ్లు మోసుకొని ఆమె ఇంటికి వెళ్లాము. ఆమె మమ్మల్ని కూర్చోమని, ఆ నీళ్లలోనే ఒక గ్లాసు ముంచి ముందు మాకిచ్చింది. ఆ ఆదివారం కానుక సంచిలో వేసిన నోటు మాకే చిన్నదిగా కనిపించింది.

సారెపతు విధవరాలి సంగతి (1 రాజులు 17వ అధ్యాయము) మనకు తెలిసినదే. పిండి, నూనె గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాము. కాని ఏలీయా మొదట అడిగింది నీళ్లు. దేశమంతా కరవు. అయినా ఆమె మారు మాటాడక తేబోయింది. రొట్టె అడిగినప్పుడే తన లేమి చెప్పుకొంది.

ఇటువంటి దానానికి ఖర్చు లేదని మేము అనము. రూపాయి ఖర్చు కాదు గాని వంతు పోతుంది, పొద్దు పోతుంది. బ్యాంకులో ఫారం నింపలేక నిలబడిన ముసలమ్మకు అరగంట ఇవ్వాలి. కాన్పుకు అనంతపురం తీసుకుపోయిన అమ్మాయికి తోడుగా రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చోవాలి.

అక్కడే ఇంకొకటి అవసరపడవచ్చు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వల్ల 1998 జనవరి 1 నుండి మన దేశంలో రక్తం అమ్ముకోవడం నిషేధము. ఎవరో ఒకరు ఊరికే ఇస్తేనే దొరుకుతుంది. 18 ఏళ్లు నిండి, 45 కిలోలకు తగ్గకుండా, ఆరోగ్యంగా ఉన్నవారు ఒకసారికి 350 మిల్లీలీటర్లు ఇవ్వవచ్చును. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు మళ్లీ ఇవ్వవచ్చు. రక్తం తక్కువగా ఉన్న అక్కచెల్లెండ్రు మాత్రం ఇవ్వరాదు. వారు తోడు వెళ్లినవారి పిల్లలకు ఆ పూట ఇంత అన్నం పెడితే చాలును.

మా వీధిలో ఇప్పుడు కూలికి పోయేవారి బిందెలే ముందు పెడుతున్నాము. మొదట్లో కొంత సణుగుడు వినిపించేది. అందులో మా గొంతు కూడా ఉండేది.