టికెట్ మీద లేని గంటలు

పోయిన ఆదివారం రాత్రి జర్మనీ నుంచి మా పిన్ని కొడుకు వీడియో కాల్ చేశాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. "అన్నా, సెలవులకి పారిస్ వెళ్దామనుకుంటున్నాం. ఫ్లైట్ అయితే గంటంపావు, ట్రైన్ అయితే నాలుగ్గంటలు. ఏది బుక్ చేయమంటావ్?" అన్నాడు.

నేనుండేది నాచారంలో. పారిస్ ముఖం ఎప్పుడూ చూడలేదు. అయినా జవాబు టక్కున చెప్పేశా. "మీ రూమ్ తలుపు దగ్గర్నుంచి అక్కడి హోటల్ తలుపు దాకా లెక్కేసుకో. టికెట్ మీద రాసున్న టైమ్‌ని నమ్మకు."

ఆ 'గంటంపావు'తో నాకో పాత లెక్క ఉంది. అది తర్వాత చెప్తా. ముందు మన ఏరియా లెక్క చూద్దాం.

2008 మార్చి దాకా ఎయిర్‌పోర్ట్ బేగంపేటలో ఉండేది. ఇప్పుడు శంషాబాద్‌లో. ఉప్పల్ నుంచి ఎల్బీనగర్ మీదుగా వెళ్తే ముప్పై కిలోమీటర్లకు పైనే. పుష్పక్ బస్సుంది, క్యాబ్ ఉంది, రెండింటికీ ఒకటే ట్రాఫిక్. నాగోల్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి మెట్రో వేస్తామన్న ప్లాన్ కాగితాల మీద ఉంది. కాగితం ఎక్కి వెళ్లలేం కదా!

అదే రైలైతే మనకి పెరట్లో ఉన్నట్టే. హబ్సిగూడలో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ సికింద్రాబాద్ ఈస్ట్. ఉప్పల్‌లో ఎక్కితే ఆరోది. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ కూడా మొదలైంది. మల్లాపూర్ వాళ్లకి అది ఇంకా దగ్గర. కొన్ని బళ్లు ఇప్పుడు సికింద్రాబాద్‌కి రాకుండా చర్లపల్లి మీదుగానే పోతున్నాయి. అందుకే ఇంట్లోంచి బయల్దేరే ముందు టికెట్ మీద స్టేషన్ పేరు ఒకసారి చూసుకోండి.

మా ఊరు విశాఖపట్నం. ఫ్లైట్ గంటంపావు. నాచారం నుంచి ఎయిర్‌పోర్ట్‌కి గంటన్నర, అక్కడ చెకిన్, సెక్యూరిటీ, ఎదురుచూపులు ఇంకో గంటన్నర, దిగాక బ్యాగ్ కోసం అరగంట, ఇంటికి నలభై నిమిషాలు. మొత్తం అయిదున్నర గంటలు. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్ట్ విశాఖ నుంచి నలభై కిలోమీటర్లకు పైనే. అక్కడ దిగితే ఇంకో అరగంటైనా కలుపుకోవాలి.

వందేభారత్ సికింద్రాబాద్ నుంచి విశాఖకి సుమారు ఎనిమిదిన్నర గంటలు. ఇంటి నుంచి ఇంటికి పది. ఛార్జీ చైర్ కార్‌లో 1,700 చుట్టుపక్కల. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరేదానికి మెట్రో అందదు, మొదటి మెట్రో ఆరింటికే. అంటే పగటిపూట ప్రయాణంలో ఫ్లైటే గెలుస్తుంది. రైలంటే ఎంత ఇష్టమున్నా ఈ మాట ఒప్పుకోవాలి.

కానీ రాత్రి బండి లెక్క వేరు. ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విశాఖ. పదకొండు గంటల ప్రయాణమే, కానీ మెలకువగా ఉన్నప్పుడు పోయేది రెండు మూడు గంటలే. విజయవాడ లెక్క ఇంకా తేలిక. వందేభారత్‌లో నాలుగ్గంటలు. శంషాబాద్ వెళ్లి, గన్నవరంలో దిగి, మళ్లీ ఊళ్లోకి రావడం కంటే అదే సుఖం.

బెంగళూరు సంగతి చూడండి. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వందేభారత్ సుమారు 610 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. స్పెయిన్‌లో మాడ్రిడ్ నుంచి బార్సిలోనా కూడా దాదాపు అంతే దూరం. అక్కడి హైస్పీడ్ రైలు రెండున్నర గంటల్లో దించేస్తుంది. ఫ్రాన్స్‌లో అయితే రైల్లో రెండున్నర గంటల్లోపు చేరగలిగే ఊళ్లకి ఫ్లైట్లు వద్దని 2023లో నిబంధన తెచ్చారు. పారిస్‌లోని ఓర్లీ ఎయిర్‌పోర్ట్ నుంచి లియోన్, నాంట్, బోర్డో ఫ్లైట్లు అలా ఆగాయి. పర్యావరణం కోసం చేశారు. రైలు అంత వేగంగా ఉంది కాబట్టి చేయగలిగారు. మనకి ఇంకా ఆ వీలు లేదు, ఎవరి లెక్క వాళ్లే వేసుకోవాలి.

ఇప్పుడు నా పాత లెక్క.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం నాలుగింటికి మామయ్య ఫోన్. అమ్మమ్మ పోయింది. "రేపు పొద్దున పదింటికి తీసుకెళ్తాం, వచ్చేయ్ రా" అన్నాడు. ఫోన్‌లో రెండు యాప్‌లు తెరిచా. ఒకదాంట్లో రాత్రి బండికి కరెంట్ బుకింగ్‌లో రెండు బెర్తులున్నాయి, పొద్దున ఏడుకల్లా విశాఖ. ఇంకోదాంట్లో ఆ రాత్రి ఆఖరి ఫ్లైట్. గంటంపావు. పదకొండుకి దిగేస్తా, రాత్రంతా అమ్మమ్మ పక్కన కూర్చోవచ్చు అనుకున్నా. జీతంలో పెద్ద ముక్కే పోయినా ఫ్లైట్ బుక్ చేశా.

క్యాబ్ డ్రైవర్ అద్దంలో నన్ను చూసి, "ఏమైంది సార్, గట్లున్నరు?" అన్నాడు. చెప్పాను. ఎల్బీనగర్ జామ్‌లో ఎన్ని సందులు తిప్పాడో! టైమ్‌కే చేర్చాడు. ఫ్లైట్ మాత్రం మొదట గంట లేట్ అన్నారు, తర్వాత ఇంకో గంట. అర్ధరాత్రి దాటాక క్యాన్సిల్ అన్నారు. డబ్బులు వెనక్కి ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. కానీ నేను వద్దనుకున్న రైలు అప్పటికి విజయవాడ వైపు పోతోంది. మర్నాడు దొరికిన ఫ్లైట్‌లో వెళ్లి ఇల్లు చేరేసరికి పన్నెండు కావస్తోంది. మామయ్య పదకొండు దాకా ఆపాడట.

వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి. అమ్మమ్మ మంచం గోడకి ఆనించి ఉంది.

అప్పట్నుంచి నా లెక్కలో ఇంకో ప్రశ్న చేరింది. ఎంత సేపు పడుతుంది అన్నది రెండోది. 'ఇది తప్పితే తర్వాత ఏముంది?' అన్నది మొదటిది. పొద్దుటి ఫ్లైట్ పోతే సాయంత్రం లోపు ఇంకోటి ఉంటుంది. రాత్రి ఆఖరి ఫ్లైట్ పోతే ఏమీ లేదు. రైలు లేటైనా మనం దారిలోనే ఉంటాం. ఫ్లైట్ రద్దయితే బయల్దేరిన చోటే ఉంటాం.

రైలుకి ఉన్న కష్టం సీటు. రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తారు. తత్కాల్ ముందు రోజు పొద్దున ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. యాప్‌లో ఆధార్ లింక్ చేసుకోకపోతే అదీ లేదు, ఈ వారమే చేసుకోండి. అవసరం చెప్పి రాదు. చార్ట్ అయ్యాక మిగిలిన బెర్తులు కూడా కరెంట్ బుకింగ్‌లో దొరుకుతాయి, అది చాలామంది చూడరు. రైలు మూడు గంటలకు మించి లేటై మీరు ఎక్కకపోతే, టీడీఆర్ వేస్తే పూర్తి డబ్బు వస్తుంది.

తమ్ముడు పారిస్‌కి రైలే బుక్ చేశాడు. చౌక ఫ్లైట్ ఒకటి చూశాడట గానీ, అది ఎక్కాల్సింది హాన్ ఎయిర్‌పోర్ట్‌లో. పేరు ఫ్రాంక్‌ఫర్ట్-హానే, ఊరికి మాత్రం 120 కిలోమీటర్లు!

వచ్చే నెల గురువారం అమ్మకి కంటిశుక్లం ఆపరేషన్, పొద్దున పదింటికి. నేను మంగళవారం రాత్రి బండికి టికెట్ తీసుకున్నా. ఉప్పల్ ఆఫీసులో మా మేనేజర్ సెలవు చీటీ చూసి, "ఫ్లైట్ గంటంపావే కదా, బుధవారం రాత్రి వెళ్లొచ్చుగా?" అన్నారు.

"అవును సార్, గంటంపావే" అన్నా. సెలవు మాత్రం మూడు రోజులు పెట్టుకున్నా.