కురిసే కిటికీ, మూసిన రంధ్రం



ఈ వానాకాలంలో మేము ఒక తప్పు ఒప్పుకోవాలి. మా సంఘంలో ఒంటరిగా ఉంటున్న ఒక తల్లి ఉంది. గల్ఫ్‌లో పనిచేసే కొడుకు అక్కడ చూసొచ్చి, ఇంటికి టేకు కిటికీలు చేయించి రెండు పొరల అద్దాలు పెట్టించాడు. మంచి ఆలోచనే. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ, చలికాలంలో గజగజ వణికించే చలి మన ఆదిలాబాద్‌వి. అయితే వాన పడితే చాలు, కిటికీ కింద గోడంతా తడి. ఆ బూజుకు ఆమెకు ఆయాసం ఎక్కువయ్యేది. రెండేళ్లు మేము వెళ్లాం, ప్రార్థన చేశాం, చాయ తాగి వచ్చాం. ఆ గోడను మాత్రం చూడలేదు.

ఈసారి ఒక వడ్రంగిని వెంటబెట్టుకుపోయాం. ఆయన పైపుతో నీళ్లు ముందు కిటికీ కింద పట్టాడు, తర్వాత పక్కలకు, చివరికి పైన. పైనుంచి మొదలుపెడితే నీళ్లు ఎక్కడ దూరుతున్నాయో తెలియదట. కాసేపటికి నవ్వి, "అయ్యగారూ, వానను తిట్టి ఏం ఫాయిదా? నీళ్లు బయటికి పోయే తొవ్వ మీరే మూసిన్రు" అన్నాడు.

సంగతేమిటంటే, అద్దం అంచున ఎంతోకొంత నీరు దిగుతుంది. అది బయటికి పోవడానికి చట్రం అడుగున చిన్న రంధ్రాలు ఉంటాయి. కారుతోందని కంగారుపడి ఎవరో వాటిని కూడా సిలికాన్‌తో నింపేశారు. నీళ్లు లోపలే నిలిచి, టేకును నానబెట్టి, గోడలోకి దిగాయి. పైగా కిటికీ గట్టు వాలు ఇంటి లోపలి వైపుకే ఉంది. ఏటేటా కొడుకు పంపిన డబ్బుతో లోపల రంగు మాత్రం కొత్తగా వేయించారు.

2022 జూలైలో కడెం ప్రాజెక్టును గుర్తు చేసుకోండి. వచ్చే వరద ఎక్కువై, పోయే దారి చాలక, గేట్ల మీదుగా నీళ్లు పారాయి. దిగువ ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి పరుగెత్తారు. నీరు చిన్నదైనా పెద్దదైనా దానికి దారి కావాలి.

మన హృదయం సంగతీ అంతే. లోపలికి దిగిన పాపాన్ని ఒప్పుకుని బయటికి పంపక, పైన భక్తి అనే రంగు పూస్తే, చెక్క లోపల్లోపలే కుళ్లుతుంది.

అయితే ఆత్మీయ పాఠం చెప్పి ఊరుకుంటే మళ్లీ పాత తప్పే చేసినట్టు. లేవీయకాండము 14వ అధ్యాయం చదవండి. ఇంటి గోడకు పచ్చని, ఎర్రని మచ్చలు పడితే ఇంటివాడు పిలిచేది యాజకుణ్ణే. యాజకుడు స్వయంగా వచ్చి గోడ చూడాలి. మచ్చ పాకితే ఆ రాళ్లు ఊడదీయించి, గోడ గీకించి, కొత్త రాళ్లు పెట్టించాలి. పైపూత చాలదు. ప్రసంగి కూడా 10వ అధ్యాయంలో ఇల్లు కురవడానికి కారణం వాన అనలేదు, చేతుల బద్ధకం అన్నాడు.

కాబట్టి మా మాట ఇది: కొత్త సౌండ్ బాక్సుల కోసం పోగుచేసిన కానుకలో కొంత, ముందు ఒంటరిగా ఉన్న వృద్ధుల ఇళ్లకు ఖర్చు చేద్దాం. "సంఘం పైసలు మందిరానికే" అని కొందరు అంటున్నారు. ఆ తల్లి కూడా దేవుని మందిరమే కదా! ఆమె ఊపిరి ఆడకుండా ఉంటే, మన పాట ఎంత గట్టిగా వినబడితే ఏం లాభం?

ఆ కిటికీకి అయిన పని పెద్దదేమీ కాదు. రంధ్రాలు తెరిచాం. పాత సిలికాన్ గీకేశాం. ఎండ తగిలిన రోజుల్లో చెక్కను బాగా ఆరనిచ్చి, బయట కీళ్లకు కొత్తగా పూశాం. గట్టుకు బయటికి వాలు పెట్టి, దాని అంచు కింద నీటిబొట్టు గోడకు పాకకుండా గాడి తీయించాం. తర్వాతి వానకు గోడ తడవలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, యౌవనస్థులారా, నిచ్చెన పట్టుకుని రండి. ఇంకా చూడవలసిన ఇళ్లున్నాయి.

దేవుడు మిమ్మును, మీ గృహాలను దీవించును గాక. ఆమేన్.