గుత్తకిచ్చిన వైద్యము

పన్నుల వసూలును గుత్తకిచ్చిన రాజ్యము ఏ గతి పట్టునో హైదరాబాదు సంస్థాన చరిత్ర నెరిగిన తెలంగాణీయులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1853వ సంవత్సరమున మొదటి సాలార్‌జంగు దివానుగిరి వహించునాటికి తాలూకాలు గుత్తేదారుల చేతులలో నుండెను. గుత్తేదారు ఖజానాకు ఇంత సొమ్మని ఒప్పుకొనును. రైతు యొద్ద ఎంత పిండుకొనునో అడుగువాడు లేడు. ఆ దివాను చేసిన సంస్కారములలో ముఖ్యమైనది ఆ గుత్తలను మాన్పి, జీతము పుచ్చుకొను ఉద్యోగులచే జిల్లాల పాలన నడిపించుట. శిస్తు విషయమున ఒకటిన్నర శతాబ్దము క్రిందటనే నేర్చిన పాఠమును స్త్రీల ఆరోగ్య విషయమున ప్రజాప్రభుత్వములు మరచిపోయినవని చెప్పవలసివచ్చినందులకు మేము చింతిల్లుచున్నాము.

ఈ కథ మన జిల్లాలతోనే మొదలైనది. 2007వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన నాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆరోగ్యశ్రీ పథకమును మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము అను మూడు జిల్లాలలో ప్రారంభించెను. ఆ యేడాది డిసెంబరులోనే నల్లగొండయు అందు చేరెను. తెల్లకార్డు గల కుటుంబమునకు ఏటికి 2 లక్షల రూపాయల వఱకు చికిత్స, ఖర్చు సర్కారుది, చికిత్స చేయునది సర్కారుతో ఒప్పందము కుదుర్చుకొన్న ఆస్పత్రి, అట్టి ఆస్పత్రులలో హెచ్చుపాలు ప్రైవేటువి. గుండెజబ్బుతో పుట్టిన పసిబిడ్డలెందరో ఈ పథకము వలన బ్రతికి బట్టకట్టిరి. ఆ మేలును కాదనుట కృతఘ్నత యగును. పేదకు చికిత్స యిచ్చుటను మేము తప్పుపట్టుట లేదు. ఆ చికిత్సను సర్కారు కొన్న తీరును తప్పుపట్టుచున్నాము.

ఆ తీరు ఎట్టిది? ఒక్కొక్క ఆపరేషనుకు ఒక్కొక్క ధర. ఆ ధరకు ప్యాకేజీ అని పేరు. కత్తి పెట్టినచో సొమ్ము ముట్టును. “అమ్మా, నీకు ఆపరేషను అక్కరలేదు, కొన్నాళ్లు ఈ మాత్రలు వాడి మరల కనబడుము” అని నిజము చెప్పిన డాక్టరుకు ఆ పట్టికలో దమ్మిడీ లేదు. మన పల్లెలలో చింతచెట్టును గుత్తకు పట్టినవాడు కాయ రాల్చుకొని పోవునే గాని చెట్టు మొదట చెంబెడు నీళ్లు పోయడు. అతడు దుర్మార్గుడనుట కాదు. అతని ఒప్పందములో నీళ్ల మాట లేదు. ఒప్పందము వ్రాసినవాడు ఎవడో తప్పు వానిది.

పథకము విస్తరించిన కొలది ఆ ధరల పట్టికలో గర్భసంచి తీసివేయు ఆపరేషను కూడ చేరినది. ఆ తరువాతి కథ పాలమూరు తండాలలో, నల్లగొండ వాడలలో తెలియనివారు లేరు. తెల్లబట్టయనియు నడుమునొప్పి యనియు ఆస్పత్రికి పోయిన స్త్రీకి స్కానింగు తీసి, “సంచిలో గడ్డ యున్నది, ఉంచినచో కాన్సరగును” అని భయపెట్టుట. పిల్లలు పుట్టిరి గదా, సంచి యెందులకని నచ్చజెప్పుట. వారములోపున ఇంటికి పంపుట. ఇట్టి ఆపరేషనులన్నియు సర్కారు సొమ్ముతోనే జరిగినవని మేము చెప్పుట లేదు. అప్పు తెచ్చి, పుస్తెలతాడు కుదువబెట్టి చేయించుకొన్నవారును ఎందరో కలరు. కాని సర్కారు ముద్ర పడిన ధర యొకటి యున్నప్పుడు ఆ ఆపరేషను మామూలు విషయమైపోయినది. అది కీడు అను తలంపే జనుల మనస్సుల నుండి తొలగిపోయినది.

లెక్కలు చూడుడు. 2015–16 సంవత్సరపు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 యేండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటి మీద నూటికి 3.2 మంది. తెలంగాణములో నూటికి 7.7, ఆంధ్రప్రదేశములో 8.9. దేశములోని రాష్ట్రములన్నిటికిని మొదటి రెండు స్థానములు తెలుగువారివే! ఇట్టి ప్రాథమ్యమును ఏ జాతి కోరుకొనును? దేశమున ఈ ఆపరేషనులలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రులలో జరిగినవని ఆ సర్వేయే చెప్పుచున్నది. ఆపరేషను నాటికి ఆ స్త్రీల నడిమి వయస్సు 34 యేండ్లు. తెలుగు స్త్రీలకు మాత్రమే గర్భకోశమున విశేషమైన రోగమును దేవుడు పెట్టినాడా? లేక కత్తికి పని కల్పించు ఏర్పాటు మన నాట విశేషముగ వర్ధిల్లినదా? పాఠకులే తేల్చుకొందురు గాక.

అవసరమైన చోట ఆ ఆపరేషను ప్రాణదాత యనుటకు సందేహము లేదు. అనవసరముగ చేసినచో దాని ఫలము జీవితాంతము. సంచితోపాటు అండాశయములను కూడ తీసివేసిరా, ఆ రోజే ముట్లుడిగినట్లు. ఎముకలు గుల్లబారును, గుండెజబ్బు త్వరపడును. బొంబాయికిని పూనాకును వలసపోయి తట్ట మోసి, రాయి కొట్టి బ్రతుకు పాలమూరు కూలిదానికి ఎముక బలమే ఆస్తి. ఆమె ఆస్తిని ముప్పదియేండ్లకే జప్తు చేసినవారెవరు? ఏ కోర్టు డిక్రీతో?

ప్రభుత్వమునకు ఈ సంగతి తెలియక పోలేదు. గగ్గోలు పుట్టిన పిమ్మట ఆరోగ్యశ్రీ క్రింద గర్భసంచి ఆపరేషనును ప్రభుత్వాస్పత్రులకే పరిమితము చేసిరి. ఇది తమ ఒప్పందములోని దోషమును తామే ఒప్పుకొనుట గాక మరేమి? కాని ట్రస్టు పద్దులలో నుండి తొలగినంత మాత్రమున స్త్రీ దేహమునకు రక్షణ కలిగినదనరాదు. రొక్కమిచ్చి చేయించుకొను ఆపరేషనుకు ఏ ట్రస్టు అనుమతియు అక్కరలేదు. దొడ్డివాకిలి మూసిరి, వీధివాకిలి బార్లా తెరచియే యున్నది.

కాన్పుల సంగతియు ఇట్లే యున్నది. 2019–21 సర్వే నాటికి తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు సిజేరియనులు. ప్రైవేటు ఆస్పత్రులలో నూటికి 81.5, ప్రభుత్వాస్పత్రులలో 44.5. నూటికి 10 మొదలు 15కు మించి ఏ దేశమునకును ఇవి అవసరపడవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే చెప్పియుండెను. తల్లిని కాపాడుటకు ఏర్పడిన సాధనము కాన్పునకు మారుపేరైనది. ప్రభుత్వాస్పత్రుల సంఖ్యయు గర్వింపదగినది కాదు. కాని ఒకే నీళ్లు త్రాగి, ఒకే తిండి తిను తల్లులకు ఒక గడపలో 44, మరియొక గడపలో 81 ఎట్లు వచ్చును? కడుపున బిడ్డ గడప నెరుగునా?

ఇచ్చట మాకు రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. సర్కారు ఆస్పత్రి మాత్రము చేసిన ఘనకార్యమేమి యనునది మొదటిది. నిజమే. 2022వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన మన పొరుగున ఇబ్రహీంపట్నము ప్రభుత్వాస్పత్రిలో ఒక్క దినమున 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషనులు చేయగా నలుగురు తల్లులు మరణించిరి. ఆ పాపమును కప్పిపుచ్చు కలము మాది కాదు. లెక్కకు ఆపరేషను చేయువాడు ప్రభుత్వోద్యోగి యైనను ఫలమదియే. సొమ్ము కొరకైన లెక్క ఒకటి, లక్ష్యము కొరకైన లెక్క మరియొకటి. రెంటను స్త్రీ ఒక సంఖ్య. అయినను ఒక భేదము కలదు. ఇబ్రహీంపట్నమున ఏమి జరిగెనో కొద్ది దినములలోనే రాష్ట్రమంతటికి తెలిసెను. మంత్రిని నిలవేయుటకు ప్రజలకు హక్కుండెను. ఒప్పందపు ఆస్పత్రిలో నిష్కారణముగ సంచి పోగొట్టుకొన్న స్త్రీ ఎవరిని నిలవేయును? ఆస్పత్రి ట్రస్టును చూపును. ట్రస్టు ఆస్పత్రిని చూపును.

అడవి పల్లెలలో సర్కారు డాక్టరు లేనప్పుడు ప్రైవేటు చేయి పట్టక గతియేమి యనునది రెండవది. అచ్చంపేట, దేవరకొండ ప్రాంతముల దూరము లెరిగినవారము గనుక ఈ మాటను మేము త్రోసివేయము. పట్టవలసినచో పట్టుడు; కాని కాగితము మీరు వ్రాయుడు. గుజరాతు ప్రభుత్వము 2005లో చిరంజీవి యోజనయను పేర ప్రైవేటు డాక్టర్లతో కాన్పులకు ఒప్పందము చేసికొనెను. సాధారణ కాన్పైనను సిజేరియనైనను వేరువేరు ధరలు లేక, నూరు కాన్పులకు కలిపి ఇంతయని మొత్తము నిర్ణయించెను. కత్తికి బహుమానము లేకుండ చేయుట అందలి తెలివి. దాని వలన ఆస్పత్రి కాన్పులు అనుకొన్నంత పెరుగలేదని 2014లో ప్రకటితమైన పరిశోధన యొకటి తేల్చినది. అనగా చక్కగ వ్రాసిన గుత్తయు సొంత ఆస్పత్రికి బదులు కాజాలదు. ఇక మన రాష్ట్రముననే 2017లో కరీంనగరు ప్రభుత్వాస్పత్రిలో ఒక ప్రైవేటు ప్రసూతి సంస్థ సాయముతో ప్రభుత్వ నర్సులకు 18 నెలల మంత్రసాని విద్య నేర్పు ఏర్పాటు జరిగెను. అట్టి ఒప్పందమునకు మేము నమస్కరింతుము. నేర్పినవాడు వెడలిపోయినను నేర్పు సర్కారు ఇంటనే నిలిచియుండును.

2017 జూన్ మాసములో ప్రభుత్వాస్పత్రిలో కాన్పైన తల్లికి ఆడబిడ్డ యైన 13 వేలు, మగబిడ్డ యైన 12 వేల రూపాయలు ఇత్తుమని కేసీఆర్ కిట్టు పథకము పెట్టిరి. మహబూబునగరమున, నల్లగొండలో, సూర్యాపేటలో, నాగరుకర్నూలులో, వనపర్తిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. డాక్టర్లు లేరను మాటకు ఇక కాలము చెల్లినది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచిరి. పరిమితి పెరిగిన కొలది కాపలాయు పెరుగవలదా?

మేము కోరునవి నాలుగు. 40 యేండ్లలోపు స్త్రీకి గర్భసంచి తీయవలెనన్న, ఆ ఆస్పత్రితో సంబంధము లేని రెండవ డాక్టరు వ్రాతమూలకముగ ఒప్పుకొనవలెను. ప్రతి ఆస్పత్రి, ప్రైవేటుదైనను సర్కారుదైనను, తన సిజేరియనుల లెక్కయు గర్భసంచి ఆపరేషనుల లెక్కయు తెలుగులో వాకిట బోర్డు మీద వ్రాయవలెను. చికిత్స అక్కరలేదని చెప్పిన సలహాకును ధర కట్టవలెను. తాలూకా ఆస్పత్రులలో మంత్రసాని విద్య నేర్చిన నర్సులను రాత్రింబవళ్లు ఉంచవలెను. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. అనవసరపు గర్భసంచి ఆపరేషనులను అరికట్టుటకు కేంద్రము ఏర్పరచిన నియమములను మూడు మాసములలో అమలుపరచుడని 2023 ఏప్రిల్ 5వ తేదీన సుప్రీంకోర్టు రాష్ట్రములన్నిటిని ఆదేశించియే యున్నది.

పఠనాలయములలో ఈ పత్రికను చదువు సోదరులారా! ఆ ఆదేశము మీ జిల్లాలో ఏమాయెనని జిల్లా వైద్యాధికారికి ఒక కార్డు వ్రాయుడు. జవాబు రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద 10 రూపాయల దరఖాస్తు పెట్టుడు. ఏ ఆస్పత్రిలో ఎన్ని ఆపరేషనులు, ఏ వయస్సు వారికి, ఏ కారణమున జరిగెనో లెక్క అడుగుడు. వచ్చిన లెక్కను చదువురాని అక్కచెల్లెండ్రకు బిగ్గరగ చదివి వినిపింపుడు. గుత్తేదారు భయపడునది దేవునికి గాదు, దివానుకు గాదు. లెక్క యడుగు రైతుకు.