గడ్డ అనే ముందు నాలుగు మాటలు



శ్రీశైలం నుండో సున్నిపెంట నుండో కర్నూలు పెద్దాసుపత్రికి చేరాలంటే దోర్నాల, ఆత్మకూరుల మీదుగా సుమారు 180 కిలోమీటర్లు. అంతదూరం వచ్చి, తలకు తగిలిన దెబ్బకని ఎమ్మారై తీయించుకున్నవానికి, దెబ్బ ఏమీ చేయలేదు గాని "పీయూష గ్రంథిలో 6 మిల్లీమీటర్ల అడినోమా" ఉన్నదని తెలుస్తుంది. ఘాటు రోడ్డెక్కి ఇల్లు చేరేలోగా అది "మెదడులో గడ్డ"గా మారుతుంది. పొలం బేరానికి వస్తుంది. నా తగవు ఈ అనువాదంతోనే.

పీయూష గ్రంథి మెదడు అడుగున ఎముక గుంటలో ఒదిగిన శనగగింజంత అవయవం. అందులోని అడినోమాలు దాదాపు అన్నీ క్యాన్సరు కానివే. 1936లో కాస్టెల్లో శవపరీక్షలలో సేకరించిన 1000 గ్రంథులను పరిశీలిస్తే 225 గ్రంథులలో ఇవి కనబడ్డాయి. 1994లో 100 మంది ఆరోగ్యవంతులకు ఎమ్మారై తీస్తే పదిమందిలో అటువంటి మచ్చలే. అంటే స్కాను రోగాన్ని కనిపెట్టలేదు. ఉన్నదానిని చూపింది, అంతే.

అలాగని "ఏమీ కాదు, వెళ్ళిరా" అనే వైద్యుని పక్షమూ నాది కాదు. ఆ మచ్చ ఏ హార్మోనునైనా అతిగా ఊరిస్తున్నదా? ప్రొలాక్టిన్, ఐజీఎఫ్-1 పరీక్షలు చేయించాలి. ఉంగరాలు బిగుసుకుంటున్నాయా, బహిష్టులు ఆగినవా, ముఖం ఉబ్బిందా అని అడగాలి. 10 మిల్లీమీటర్లు దాటితే హార్మోనుల లోటును కూడా వెదకాలి. కంటి నరాల కూడలిని తాకితే చూపు పరిధిని కొలవాలి. ఈ ప్రశ్నలు వేయకుండా పంపేయడం ఓదార్పు కాదు, ఉపేక్ష.

కత్తికి పని ఎప్పుడు? చూపు తగ్గినప్పుడు, గ్రంథిలో రక్తస్రావమై కన్ను దెబ్బతిన్నప్పుడు, ప్రొలాక్టిన్ కాక వేరొక హార్మోను అతిగా ఊరుతున్నప్పుడు. ప్రొలాక్టిన్ ఊరే కణితికి సాధారణంగా క్యాబర్గోలిన్ మాత్రలే మొదటి చికిత్స. వాంతులకు వాడే డోంపెరిడోన్ కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. థైరాయిడ్ బాగా మందగించినా గ్రంథి ఉబ్బి కణితిలా కనబడవచ్చు. థైరాక్సిన్ మాత్రతో తగ్గిపోతుంది. మాత్రతో తగ్గేదానికి తల కోయించుకోవడం కంటె విషాదమేమున్నది?

ఏ లక్షణమూ లేకుంటే వేచి చూడడమే చికిత్స. అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2011 మార్గదర్శకాల ప్రకారం చిన్నదైతే ఏడాదికి, 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే ఆరునెలలకు మళ్ళీ ఎమ్మారై.

"పల్లెవాళ్ళకు ఇవన్నీ అర్థమవుతాయా?" అంటారు. గడ్డ అన్న మాట అర్థమైనప్పుడు, "ఇది చాలామందిలో ఉండేదే, క్యాన్సరు కాదు, ఈ రక్తపరీక్షలు చేయించు, ఏడాదికి మళ్ళీ రా" అన్నది అర్థం కాదా? రిపోర్టు అడుగున ఆ నాలుగు మాటలు తెలుగులో వ్రాయమనే నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి, వింటాను.